వాన చెప్పే కంబళి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. ప్రాణం సంగతి తనకూ తెలియదని కురుబ గోవిందప్ప ఒప్పుకునేవాడు. వాన సంగతి మాత్రం ఇంకొకరిని మాట్లాడనిచ్చేవాడు కాదు.

రాప్తాడు దగ్గర హైవే దిగి, బండలూ కంది చేలూ దాటి లోపలికి పోతే వాళ్ల ఊరు. ఊళ్లో సగం గొర్రెలున్న ఇళ్లే. గోవిందప్పకు అప్పట్లో నలభై ఏడో నలభై ఎనిమిదో ఉంటాయి. మనిషి ఎండిన తుమ్మ కొమ్మలా ఉండేవాడు, గొంతు మాత్రం ఇద్దరు మనుషులది. గొర్రెను అదిలించే కేకా, పెళ్లాం నారాయణమ్మను పిలిచే కేకా ఒకటే. గొర్రెలైనా ఒక్కోసారి వినేవి.

ఆయన వసారాలో, దూలానికి కట్టిన వాసం మీద ఒక నల్ల కంబళి వేలాడేది. అది వాళ్ల నాయన కాలం నాటిది. దాన్ని ఎవరూ కప్పుకోకూడదు, పరుచుకోకూడదు, చీపురు తగలకూడదు. గోవిందప్ప రాత్రి పూట ఊరి బయట రొప్పంలో, అంటే ముళ్ల కంపతో కట్టిన గొర్రెల దొడ్డిలో, ఇంకో మామూలు కంబళి కప్పుకుని పడుకునేవాడు. తెల్లారి ఇంటికి రాగానే మొహం కూడా కడుక్కోకుండా ఆ పాత కంబళి అంచు గుప్పిట్లోకి తీసుకుని నలిపేవాడు. పొడిగా గరగరలాడితే వాన లేదు. చెమ్మ పట్టి బరువుగా చేతికి అంటుకుంటే వాన దగ్గర్లో ఉంది. గాలిలో తడి ఉంటే ఉన్ని పీల్చుకుంటుంది కాబట్టి, ఇందులో మంత్రమేమీ లేదు. కానీ గోవిందప్ప కళ్లు మూసుకుని నలిపే తీరు చూస్తే మంత్రం కాదని నమ్మడం కష్టం.

చెప్పిన వానల్లో సగానికి పైగా వచ్చేవి. రానివి పక్క ఊళ్లో పడ్డాయనేవాడు. మా జిల్లాలో వాన ఎద్దు కొమ్ముకీ కొమ్ముకీ మధ్య తేడా చూపిస్తుంది కాబట్టి ఆ మాటను కాదనడానికి ఎవరి దగ్గరా ఆధారం ఉండేది కాదు.

ఆ కంబళి మీద ఊరి గొర్రెల బతుకు ఆధారపడి ఉండేది. ఆషాఢంలో కణేకల్ వైపు కాలువకు నీళ్లు వదులుతారు. అక్కడి రైతులు నాట్లకు ముందు మళ్లలో ఎరువు కోసం గొర్రెల మంద కట్టించుకుంటారు. ముందు పోయినవాళ్లకు మంచి మళ్లు, గట్ల మీద గడ్డి, తిండి గింజలు. నాట్లు పడ్డాక పోతే గొర్రెను గట్టు కూడా ఎక్కనివ్వరు. అలాగని తొందరపడి అంత దూరం తోలుకుపోయాక ఇక్కడ వాన పడి గడ్డి మొలిస్తే నడక దండగ, మంద కుంటి. పోవాలా ఆగాలా అన్నది గోవిందప్ప చెప్పాలి. అలా చెప్పే మనిషి పొట్టేలు మెడకే గంట కడతారు. మిగతా మందలన్నీ ఆ గంట వెనక నడవాలి. వాళ్ల నాయన పొట్టేలుకు ఉన్న గంట ఇప్పుడు గోవిందప్ప పొట్టేలుకు ఉంది. అది ఒకటే తన ఆస్తి అన్నట్టు తిరిగేవాడాయన.

ఊరంతటికీ వాన చెప్పే ఈ మహానుభావుడి ఇంట్లో దినామూ ఒక వాన కురిసేది. ఆ సంగతి మాత్రం ఆయన చేతిలో లేదు.

పెద్దపిల్లను గోరంట్లకు ఇచ్చి పెళ్లి చేసి, ఇక చాలనుకున్నాక చౌడేశ్వరి పుట్టింది. అందరూ చౌడి అనేవారు. కరువు ముదిరిన ఆ ఏడు దానికి తొమ్మిదేళ్లు. మూడో తరగతిలో ఎక్కాలు గడగడా చెప్పేది. నిద్రలో మాత్రం పక్క తడిపేది. ఏ ఇంట్లోనైనా అది చిన్న కష్టమే. మా వైపు కాదు. బోర్లు ఎండి, వారానికి రెండుసార్లు ట్యాంకరు వచ్చే ఊళ్లో ఒక బొంత ఉతకాలంటే ఇంటిల్లిపాదీ ఒక పూట గొంతు తడుపుకోకుండా ఉండాలి. బిందెల కోసం జుట్లు పట్టుకున్న ఆడవాళ్లు, ఆ నీళ్లు ఉచ్చ బొంత మీద పోస్తున్నప్పుడు నారాయణమ్మ వైపు చూసే చూపు చూడాలి.

"పైనున్నోడు పోయమంటే పోయడు. నువ్వు వద్దన్నా పోస్తావు" అని గోవిందప్ప రోజూ పొద్దున ఒకే మాటతో మొదలుపెట్టేవాడు.

మందులు చేయించలేదని కాదు. నువ్వుల ఉండలు పెట్టారు. చౌడి వాటిని ఇష్టంగా తిని, ఇంకా ఉన్నాయా అని అడిగింది. పొద్దు గూకాక నీళ్లు ఇవ్వడం మానేశారు. అది గొర్రెల తొట్టిలో మూతి పెట్టి తాగింది. దర్గా దగ్గర షావలి తాత మంత్రించిన తాయెత్తు నడుముకు కట్టారు. తెల్లారేసరికి తాయెత్తు కూడా తడిసింది. షావలి తాత పెద్ద మనసున్నవాడు. ఆ పోగు విప్పి చూసి, "గోవిందప్పా, పిల్ల పెరిగితే అదే పోతాదప్పా. నువ్వు అరిచేది తగ్గించు. తాయెత్తుకు గూడా భయమైతాండాది" అన్నాడు.

గోవిందప్పకు అది నచ్చలేదు. ఆయన లెక్కలో ఇది రోగం కాదు, పొగరు. "పొగరు తలకెక్కితే కిందికి కారుతాది" అనేవాడు.

"నిద్రలో పోస్తాది గదయ్యా బిడ్డ. మేలుకొని పోసేది కాదే!" అనేది నారాయణమ్మ.

"మేలుకొని పోసింటే ధైర్యమన్నా ఉండాదనుకుందును."

అందుకని ఒక శిక్ష కనిపెట్టాడు. బొంతలు తీయించేసి చౌడికి గోనెసంచి ఇచ్చాడు. తడిసిన సంచిని తెల్లారి నెత్తిన పెట్టించి, వీధి చివర ఉన్న కంచె దాకా దాని చేతే మోయించి ఆరవేయించాడు. సిగ్గు తగిలితే మానుకుంటుందని ఆయన ఆలోచన. మొక్కై వంగనిది మానై వంగునా అని వీధిలో వినపడేలా చెప్పేవాడు కూడా. గొర్రెకు ముద్ర వేసినట్టు పిల్లకు పేరు పడిపోయింది. బడి పిల్లలు దాన్ని చూడగానే "ట్యాంకరు వచ్చిందిరో, బిందెలు పట్టుకురండి" అని అరిచేవారు.

చౌడి అప్పటి నుంచి కరవడం మొదలుపెట్టింది. మాటలతో కాదు, పళ్లతోనే. జయరాముడి కొడుకు ముంజేతి మీద దాని పళ్ల ముద్ర కడియంలా గుండ్రంగా పడింది. ఈ జయరాముడు గోవిందప్పకు వరసకు తమ్ముడు, గొర్రెల్లో ఆయనకు సమానం, గంట మీద కన్నున్నవాడు. చౌడి ఆయన సైకిలు గాలి తీసేసింది. పలకలు పగలగొట్టింది, చేసినవీ చేయనివీ అన్నీ చేయలేదని ఒట్టేసింది. తండ్రి గంట పొట్టేలును వెంటబెట్టుకుని రొప్పం నుంచి వస్తుంటే ఆ చప్పుడు విని, కోడిపిల్ల గద్దను చూసినట్టు గంపల వెనక నక్కేది. పంతులమ్మ కబురు పెట్టింది. గోవిందప్ప పోయి, "చూసినారా, నేను చెప్తే ఎవరూ వినరు, పొగరే" అని వచ్చాడు. పిల్ల పొగరు ఏ పొద్దు నుంచి పెరిగిందో, సంచి ఏ పొద్దు నుంచి నెత్తికెక్కిందో పక్కపక్కన పెట్టి చూసుకునే ఓపిక ఆయనకు లేదు. వాన సంగతి అంత సూక్ష్మంగా కనిపెట్టే మనిషికి ఇల్లు కనపడదు.

ఇక ఆషాఢం వచ్చింది. మా ఆషాఢం గాలికి ఇంటి మీది రేకు కూడా లేచిపోతుంది. గోనెసంచి మీద పడుకున్న పిల్లకు ఒళ్లంతా చిటచిట, ఒక పక్క చలి. ఆ వసారాలోనే దాని తల మీద, తాత కంబళి వెచ్చగా వేలాడుతోంది.

చౌడి కప్పుకుందామనే తీసింది, పాపం. తడపాలని కాదు. సంచి పక్కకు నెట్టి, సగం పరుచుకుని సగం కప్పుకుంది. ఉన్ని ఎంత వెచ్చన అంటే తడిసినా చలి తెలియలేదు. తెల్లారి చూసుకుంటే గోనెసంచి పొడిగా ఉంది, కంబళి సగం తడిసి ఉంది. ఇక చావే అనుకుంది. గంట చప్పుడు ఇంకా దూరంగానే ఉంది. గంప మీదెక్కి కంబళిని మళ్లీ వాసం మీద ఎలా ఉండేదో అలా వేసి, పొడి సంచిని చంకన పెట్టుకుని తలుపు వెనక నిలబడింది.

గోవిందప్ప వచ్చాడు. కళ్లు మూసుకుని అంచు నలిపాడు. ఒక్కసారిగా కళ్లు తెరిచాడు. మళ్లీ నలిపాడు.

"నారాయణమ్మా! వాన! ఎట్లుండాదో చూడు, నీళ్లు పిండొచ్చు!"

వాసన రాలేదా అని అడగొచ్చు. గొర్రెల కాపరి కంబళికి గొర్రె వాసన, గొర్రె ఉచ్చ వాసన పుట్టుకతో వచ్చేవే. పైగా వాన వస్తుందన్న సంతోషంలో ఉన్నవాడి ముక్కు పనిచేయదు. ఆ సంతోషంలోనే తలుపు వెనక ఉన్న కూతురి చంకలోంచి గోనెసంచి లాగి చూశాడు. పొడి! రెండు చేతులా పిల్లను ఎత్తేశాడు. "అబ్బా, నా బంగారు! మానుకుంటివా?" అన్నాడు. దెబ్బ కోసం కళ్లు మూసుకున్న చౌడికి తాను గాలిలో ఎందుకు ఉందో కాసేపు అర్థం కాలేదు. దించాక తల ఊపింది.

ఆ పొద్దే గొర్రెలవాళ్లంతా టీ బంకు ముందు చేరారు.

"కదలొద్దు. కంబళి ముద్దగా ఉండాది. ఈ వారంలో దంచి కొడతాది" అన్నాడు గోవిందప్ప.

"ఈ గాలిలోనా అన్నా?" అన్నాడు జయరాముడు, ఎగిరిపోతున్న తువ్వాలు పట్టుకుంటూ.

"గాలి పైన ఉండాది. తడి లోపల ఉండాది. నీకు తెలీదులే."

అక్కడితో ఆగలేదు. కూతురి సంగతి కూడా ఎత్తాడు. షావలి తాయెత్తుకు పోనిది తన గోనెసంచికి పోయిందని, పిల్లల్ని పెంచడం, గొర్రెల్ని తోలడం ఒకటే విద్య అని టీ చల్లారేదాకా చెప్పాడు. ఇంట గెలిచి రచ్చ గెలిచినవాడి మొహం ఎలా ఉంటుందో ఆ రోజు ఆయన్ను చూస్తే తెలిసేది. విన్నవాళ్లలో ఇద్దరు తండ్రులు ఇంటికి పోతూ గోనెసంచుల కోసం వెతికారట.

తర్వాత రోజులు గోవిందప్ప బతుకులో మంచివి. పొద్దున్నే కంబళి ముద్దగా ఉండేది, సంచి పొడిగా ఉండేది. చౌడి ఎవరినీ కరవలేదు. జయరాముడి కొడుకుతో కలిసి కచ్చకాయలు ఆడింది. నెత్తిన సంచి లేకపోయేసరికి బడిలో కూడా ఆ పేరు నలిగి పాతబడింది. ఒక సాయంత్రం తండ్రి అరికాలిలో ముల్లు దిగితే, పిలవకుండా వచ్చి కూర్చుని పిన్నీసుతో తీసింది. తీస్తూ తీస్తూ బళ్లో చెప్పిన కథ చెప్పింది. దాని గొంతు అచ్చం చచ్చిపోయిన తన తల్లి గొంతులా ఉందని గోవిందప్ప మొదటిసారి గమనించాడు. ముల్లు వచ్చేసినా కాలు తీయలేదు. పిల్ల తన దగ్గర అంతసేపు కూర్చోవడం ఆయనకు అంత ఇష్టంగా ఉంటుందని ఆయనకే తెలియదు.

వాన మాత్రం రాలేదు. మబ్బు కూడా రాలేదు. గొర్రెలు కంచెకున్న ఎండు తీగలు కొరికాయి, తర్వాత చెప్పుల అట్టలు కొరికాయి. పిల్లగొర్రెలకు తల్లుల దగ్గర పాలు తగ్గాయి. కణేకల్ నుంచి కబురు వచ్చింది. కాలువకు నీళ్లొచ్చాయి, మళ్లు తడుపుతున్నారు, వేరే ఊళ్ల మందలు అప్పుడే దిగాయి.

"పోదాం పా అన్నా" అన్నాడు జయరాముడు.

"కంబళి ఇంకా తడిగానే ఉండాది. నిన్నటికంటే ఎక్కువ ఉండాది."

"ఉతికిన పంచె ఆరేసి తిరిగి చూసేలోగా ఆరిపోతాండాది. నీ కంబళి ఒకటే ఎట్ల తడిగా ఉంటాది?"

"అది మా నాయన కంబళి."

 గోవిందప్పకు కూడా లోపల గుబులుగానే ఉంది. కానీ ఒకసారి ఆగమన్నాక, పోదామంటే మాట పోతుంది. మాట పోతే గంట పోతుంది. అందుకని ఇంకా గట్టిగా ఆగమన్నాడు. తప్పు దారిన పోయేవాడు అడుగు పెంచినట్టు.

చివరికి ఒకరోజు చీకటి విడుతుండగా జయరాముడు నలుగురిని వెంటేసుకుని రొప్పం దగ్గరికే వచ్చాడు.

"నడువన్నా. ఆ కంబళేదో మేమూ పట్టి చూస్తాం. తడిగా ఉంటే ఇంకో వారం నోరు మూసుకుని ఉంటాం. లేకపోతే ఈ పొద్దే గంట తీసి ఇంకొకరికి కట్టల్ల."

"రాండి. చూడండి. కళ్లారా చూడండి" అన్నాడు గోవిందప్ప. గంట పొట్టేలును రొప్పంలోనే వదిలి, అందరికంటే ముందు నడిచాడు.

అలా గంట చప్పుడు లేకుండా పోవడంతో, ఇంట్లో చౌడికి వాళ్లు వస్తున్నట్టు తెలియలేదు. వాళ్లు వాకిట్లోకి వచ్చేసరికి అది గంప దిగుతోంది. వాసం మీద కంబళి వంకరగా ఉంది. అంచు నుంచి ఒక చుక్క కింద పడింది. అందరూ చూస్తుండగా ఇంకో చుక్క పడింది.

"చూడండి, చెప్పలా!" అన్నాడు గోవిందప్ప.

జయరాముడు ముందుకు పోయి అంచు పట్టుకున్నాడు. వాన ఆశ లేనివాడి ముక్కు బాగా పనిచేస్తుంది. వాసన చూశాడు. మళ్లీ చూశాడు. చేయి దులుపుకున్నాడు.

"అన్నా, పుట్టినప్పటి నుంచి గొర్రెల్లో ఉండా. ఇది గొర్రెది గాదు. ఇది వాన గాదు. ఇది మనిషి ఉచ్చ."

 గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు చౌడి గబుక్కున పొడి సంచిని వీపు వెనక దాచింది. వెనక గోడే గనక ఇక పోయే చోటు లేదు. పళ్లు బిగించింది. కరిచేదానికి అంతమంది ఉంటే ఎవరిని మొదట కరవాలో తెలియని మొహం అది. కళ్లు మాత్రం ఒక్క తండ్రి మీదే ఉన్నాయి.

గోవిందప్పకు అప్పుడు అంతా ఒక్కసారే తెలిసింది. పొడి సంచి, తడి కంబళి, కరవడం మానడం, ముల్లు తీయడం. తన శిక్షకు పిల్ల మారలేదు. శిక్ష తప్పించుకుంది కాబట్టి మారింది. ఆ పదిహేను రోజులూ దాన్ని చూసి ఎవరూ నవ్వలేదు, అంతే.

తప్పించుకునే దారి తేలికగానే ఉంది. ఇదిగో, ఈ ట్యాంకరే నా కంబళి తడిపింది, నా విద్యలో తప్పు లేదు అంటే చాలు. గంట నిలబడుతుంది. పిల్లను నాలుగు బాది, కంబళిని నెత్తిన పెట్టించి వీధిలో నడిపిస్తే జయరాముడు కూడా ఏమీ అనలేడు. నిన్నటి గోవిందప్ప అయితే అదే చేసేవాడు. నోరు కూడా తెరిచాడు.

"నేనే పోసుకున్యా" అన్నాడు.

"ఏందన్నా?"

"నేనేరా. ఆ ఉచ్చ నాదే. నిద్రలో పోసుకున్యా. వయసైతాండాది, తెలీడంల్యా."

ఒకడు కిసుక్కున నవ్వాడు. జయరాముడు నవ్వలేదు. ఆయన లెక్కలో గట్టివాడు.

"నువ్వు రొప్పంకాడ కదా పండుకునేది? ఈడుండే కంబళి మీద ఎట్ల పోసినావు?"

ఇది గోవిందప్ప ఆలోచించుకోలేదు. ఒక అబద్ధం ఆడినవాడికి రెండోది వెంటనే కావాలి. పైగా రెండోది మొదటిదానికంటే పెద్దది. తోడేళ్లు తిరిగే కాలంలో రాత్రి పూట మందను వదిలి ఇంటికి పోయిన కాపరిని కురుబలు మనిషి కింద జమకట్టరు. పక్క తడిపినవాడినైనా క్షమిస్తారు.

"రాత్రిపూట ఇంటికొచ్చి పోతాండా" అన్నాడు గోవిందప్ప, నేల చూస్తూ.

"మందనిడిచిపెట్టి?"

"ఆఁ."

"దేనికి?"

గోవిందప్ప దగ్గర మూడో అబద్ధం లేదు. అప్పుడు లోపలి నుంచి నారాయణమ్మ వచ్చింది. తడి కంబళి వైపు చూసింది, గోడకు అంటుకుపోయిన కూతురి వైపు చూసింది, మొగుడి వైపు చూసింది. కొంగు నడుముకు చెక్కుకుంది.

"దేనికేమప్పా, అడిగేదానికి సిగ్గు లేదా నీకు? పెండ్లాం ఉండే ఇంటికి మొగుడు దేనికొస్తాడు? నేను వద్దు వద్దంటానే ఉండా, ఈ మనిషి వినడు. ఆ కంబళి పరిచింది గూడా నేనే. ఇంకేమన్నా తెలుసుకోవాల్నా?"

వాకిలంతా గొల్లుమంది. ఒకడు నవ్వలేక గొర్రెల తొట్టి మీద కూర్చున్నాడు. జయరాముడు కూడా తువ్వాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు. ఆ నవ్వులో చౌడి వైపు చూసిన మనిషి ఒక్కడు కూడా లేడు. వాళ్లకు అంతకంటే మంచి సరుకు దొరికింది. యాభై ఏళ్లకు దగ్గరపడ్డవాడు పెళ్లాం కోసం మందను వదిలి రావడమూ, వచ్చి పక్క తడపడమూ, ఆ తడి పట్టుకుని ఊరికి వాన చెప్పడమూ! ఈ కథ పక్క ఊళ్లకు సాయంత్రం బస్సు కంటే ముందే చేరింది.

గంట ఆ పొద్దే పోయింది. జయరాముడి పొట్టేలుకు కట్టారు. వాన గోవిందప్ప అని పిలిచిన ఊరు ఉచ్చ గోవిందప్ప అనడం మొదలుపెట్టింది. ఆ పేరు ఆయన పోయేదాకా ఉంది. బాధ లేదంటే అబద్ధం. టీ బంకు దగ్గరికి పోవడం చాలాకాలం మానేశాడు. నాయన పేరు చెడగొట్టానని ఒకరోజు రొప్పంలో గొర్రెల మధ్య కూర్చుని ఏడ్చాడు కూడా. కానీ నిజం చెప్పేద్దామా అని మాత్రం ఒక్కసారీ అనుకోలేదు.

మందలు కదిలాయి. ఈసారి గోవిందప్ప పెళ్లాంతో పాటు చౌడినీ తీసుకుపోయాడు. బడి సంగతి వచ్చాక చూసుకుందాం అన్నాడు. పంతులమ్మ తిట్టింది, పడ్డాడు. జయరాముడి గంట ముందు పోతుంటే ఆయన మంద అందరికంటే వెనక, దుమ్ము తింటూ నడిచింది. గాడిద మీద వంట గిన్నెలతో పాటు ఆ కంబళి కూడా ఉంది. ఇక దానికి వేలాడే పని లేదు కదా.

చౌడి తండ్రి పక్కనే నడిచింది. ఊరు కనుమరుగయ్యాక అడిగింది.

"నాయనా, నువ్వు పోసుకోలేదు గదా?"

"లేదు."

"మరి ఎందుకట్ల చెప్పినావు?"

గోవిందప్ప కర్రతో ఒక గొర్రెను దారిలోకి నెట్టాడు. దానికి దారి తెలుసు, నెట్టాల్సిన పని లేదు.

"ఈ కంబళి మీద నేను గూడా శానా పోసినా పాపా. మీసం మొలిచేదాకా. మీ తాత చెప్పిన వానల్లో సగం నావే."

చౌడి దారి మధ్యలో కూలబడి నవ్వింది. వెనక వస్తున్న నారాయణమ్మ ఏమైందో అని పరుగెత్తుకొచ్చింది. నవ్వి నవ్వి, కళ్లు తుడుచుకుని, పిల్ల మళ్లీ అడిగింది.

"తాతకు తెలుసునా?"

"తెలుసో ఏమో. నన్ను ఎప్పుడూ అడగలేదు."

 అడగని తండ్రికి పుట్టి, తాను బిడ్డ నెత్తిన తడి సంచి పెట్టి వీధిలో నడిపించాడు. పిల్ల చేయి పట్టుకోబోయాడు. ఎప్పుడూ పట్టుకున్నవాడు కాదు గనక ఎలా పట్టుకోవాలో తెలియక జబ్బ పట్టుకున్నాడు. చౌడి జబ్బ విడిపించుకుని చేయి ఇచ్చింది.

కణేకల్ దగ్గర మంచి మళ్లన్నీ అయిపోయాయి. కాలువ చివర చవుడు నేల దొరికింది. జయరాముడు రోజూ ఆ సంగతి ఎత్తి పొడిచేవాడు, గోవిందప్ప వినేవాడు. ఒకనాటి పొద్దున ఆయన గొర్రెల పాలు పిండుతుంటే చౌడి గుడారం నుంచి నడిచి వచ్చింది. ఎవరూ పిలవలేదు, ఎవరూ పట్టుకోలేదు. నేరుగా వచ్చి ఆయన ముందు నిలబడింది.

"నాయనా, రాత్రి తడిసిపోయింది. నేనే పోసినా."

ఆ పిల్ల పుట్టి బుద్ధెరిగాక ఆ మాట తన నోటితో తండ్రికి చెప్పడం అదే మొదలు. గోవిందప్ప చెంబు పక్కన పెట్టాడు.

"సరే, పా. ఈడ నీళ్లకేం కరువు?"

ఇద్దరూ కంబళిని కాలువలోకి దించారు. తడిసిన ఉన్ని బరువెక్కి ఒక్క మనిషికి లేవలేదు. గట్టు మీద నుంచి జయరాముడు చూసి కేక వేశాడు.

"ఏమన్నా, మళ్లీ పోసుకుంటివా?"

"మళ్లీ పోసుకుంటి!" అని గోవిందప్ప అంతకంటే పెద్ద గొంతుతో అరిచాడు.

అటు కొస చౌడి పట్టుకుంది, ఇటు కొస ఆయన పట్టుకున్నాడు. ఇద్దరూ చెరో వైపు తిప్పి గట్టిగా పిండారు.